కారం కొట్టులో పడవ

గుంటూరు, నల్లపాడు రోడ్డు, పాత పొగాకు గొడౌను.
మిర్చి టిక్కీల వెనక, టార్పాలిన్ కింద
పదమూడడుగుల తెరచాప పడవ.
చూడగానే నాకు తుమ్మొచ్చింది.

"తాళ్ళరేవు వడ్రంగుల పని" అంది జసింతమ్మ.
"మా మామగారు కాలవల ఇంజినీరు.
సీతానగరం నించి ఆ ఒడ్డుకి
గాలిమీదే పోయేవారట, తెడ్డు తడవకుండా.
ఇలాంటివి నాలుగే కట్టారు. మూడు లేవు."

యార్డులో ఇరవయ్యారేళ్ళుగా కాటా గుమాస్తాని.
కాయని చెవి దగ్గర ఊపితే
గింజల మోత విని తేమ చెప్పగలను.
తొడిమ తుంచి
కోల్డ్ స్టోరేజీలో ఎన్ని నెలలుందో చెప్పగలను.
పడవని ఎక్కడ తుంచాలో తెలీదు.

అందుకే నిజాంపట్నం నించి
లంకే మార్కండేయుల్ని బస్సెక్కించి తెచ్చాను.
పోనూ రానూ ఛార్జీలు, భోజనం, ఒక కట్ట చుట్టలు.

ముందు ఆయన పడవ చూడలేదు,
నేల చూశాడు, చెదమట్టి ఉందేమోనని.
తర్వాత చెప్పులు విప్పి దగ్గరికెళ్ళి
చాకు పిడితో ముక్కు నించి కొట్టుకుంటూ వచ్చాడు.
టక్కు. టక్కు. టక్కు.
తెరకొయ్య నిలిచే చోట
తప్పు.
మళ్ళీ కొట్టాడు.
తప్పు.
జసింతమ్మ కొంగు సర్దుకుంది.

రాగి మేకుల్ని గోటితో గీరాడు, పచ్చటి చిలుము.
"ఇనుమైతే ఈపాటికి కొయ్యని తినేసుండేది."
పలకల సందుల్లో గుగ్గిలం ఎప్పుడో రాలిపోయింది,
ఆ సందులనిండా ముప్ఫయ్యేళ్ళ కారం.
తెరచాప మడత విప్పితే
అప్పడంలా విరిగింది.
చుక్కాని పిడి మాత్రం
ఒకే మనిషి పట్టుకుని పట్టుకుని
పల్లం పడి, నున్నగా ఉంది.
నా చెయ్యి పెట్టి చూశాను. కుదరలేదు.
ఆయనది ఎడంచెయ్యి వాటం.

"నీళ్ళలో వేస్తే తేలిపోతుంది కదా నిజం?"
"నిజమే తేలుద్ది, పడవ తేలదు.
ఇంత ఎండినదాన్ని ఏట్లో వేస్తే
దొరికిందంతా తాగి అడుక్కి పోద్ది.
పడవని నీళ్ళలో కాదు,
నీళ్ళని పడవలో పొయ్యి."

ట్యాంకరు ఆరొందలు.
పైపు పెట్టిన కాసేపటికే
సందు సందు నించీ ఎర్రగా కారింది.
సిమెంటు నేలమీద
పడవ తన బొమ్మ తానే గీసుకుంటోంది.
హమాలీలు చుట్టూ చేరారు.
"పులుసు కాగుతోంది బాబాయ్,
చేపలేవీ?" అన్నాడొకడు.

"రాత్రికి ఇట్టా వదిలెయ్యి.
దాహం తీరితే కొయ్య తన నోరు తనే మూసుకుంటది."

తెల్లారి వచ్చి లెక్కపెట్టాను.
పదకొండు ధారల్లో పది ఆగిపోయాయి.
పదకొండోది తెరకొయ్య కింద,
కారమంతా కడిగేసుకుని
తెల్లగా, తొందర లేకుండా, కారుతూనే ఉంది.
అక్కడ తారు పూసిన బిస్కట్ డబ్బా రేకు.
చాకు మొనతో లేపితే
లోపల కొయ్య
పాత బెల్లంలా చేతికొచ్చింది, మూడు వేళ్ళ లోతు.

మార్కండేయులు ఆమెకేసి చూశాడు.
"తెలుసా మీకు?"
"తెలుసు" అంది. "రేకు కొట్టింది నేనే.
వానాకాలం గొడౌను కురిసేది.
ఎవరైనా అడిగితే చెప్పేదాన్ని.
ఇన్నేళ్ళలో కొట్టి చూసిందే మీరు."

అలవాటు చొప్పున భుజం మీది తువ్వాలు
చేతుల మీద కప్పాను.
యార్డులో బేరం నోటితో ఆడం.
గుడ్డచాటున నాలుగు వేళ్ళు పట్టాను, అంటే నలభై.
ఆమెకి మా వేళ్ళ భాష రాదు,
చెయ్యి కలుపుతున్నాననుకుని
రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపింది.
కళ్ళు తుడుచుకుంది, కారం వల్లనేమో.
ఎంతకి కొన్నానో నాకింకా తెలీదు.

బస్టాండులో మార్కండేయులు చుట్ట అంటించి
"కొత్త దిమ్మ నేను చెక్కి తెస్తా,
ముందు కొమ్మమూరు కాలవలో వేద్దాం,
కృష్ణ సంగతి తర్వాత" అన్నాడు.
బస్సు కదిలాక
కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు:

"ఇంతకీ నీకు ఈతొచ్చా?"