పావు వంతు

పాజే తీరంలో తెల్లవారుజామున
సముద్రం మైలు దూరం వెనక్కి నడిచింది.
మోకాలి లోతు నీళ్లలో బీ జుహూరా,
భుజాన సముద్రపు నాచు తాళ్లు,
వీపు వెనక అప్పుడే లేచిన సూర్యుడు.

నా పని ఫ్లాష్ పట్టుకోవడం.
వెదురు చివర కట్టిన దీపం,
కింద నేను, చొక్కా జేబులో ఉప్పు.

మొదటి ఫోటోలో ఆకాశం కుంకుమ పోసినట్టుంది,
ఆమె మాత్రం నిలబడ్డ చీకటి.
రెండోదానికి ఫ్లాష్ నిండుగా పేలింది:
ముఖం ఎక్కడిదో కత్తిరించి
అక్కడ అంటించినట్టు.
ఖమీసు నాలుక చప్పరించాడు.
"సగం చెయ్యి. కాదు, పావు."

ఆమె కెమెరా వెనక్కి వచ్చి చూసింది.
"ఈ ముడతలు ముప్పై ఏళ్లుగా ఎండ చెక్కినవి,
ఒక్క మెరుపుతో చెరిపేస్తావా అబ్బాయ్?"

నారింజ రంగు కాగితం ముక్క
దీపానికి చుట్టాను.
ఓ అడుగు పక్కకి, వెదురు ఇంకాస్త పైకి.
ఇప్పుడా చెంప మీద ఎండ ఎక్కడ ఆగిందో
నా వెలుతురు ఎక్కడ మొదలైందో
నాకే తెలియలేదు.

కానీ సూర్యుడు ఆగడు కదా,
నిమిషానికో మెట్టు ఎక్కుతున్నాడు.
ఖమీసు లెక్క మళ్లీ తప్పింది.
పోటు నీళ్లు తొడల దాకా వచ్చాయి.
ఆమె విసుక్కుంటూ తాడు ముడి విప్పుతోంది.

ఆ విసుగే చివరి ఫోటో.
సాయంత్రం పెద్దది చేసి చూస్తే
ఆమె నల్లగుడ్డులో ఒక తెల్ల చుక్క,
చుక్క కింద వెదురు,
వెదురు కింద
చలికి వణుకుతూ నేను.