ఒకటి తక్కువ

ఎంజీఎం దవాఖాన థియేటర్ల
ఇరవై ఆరేండ్లు నా పని ఒక్కటే,
గాజుగుడ్డలు లెక్కబెట్టుడు.
లోపలికి పోయినయెన్ని, బయటికొచ్చినయెన్ని.
కడుపు మూసే ముందు
గుండేటి నరహరి సారు తల ఎత్తకుండనే అడిగేది:
"లెక్క సరిపోయిందా, మొగిలీ?"
సరిపోయింది సార్ అంటెనే
సూదిల దారం ఎక్కేది.

కొత్తవాడల మగ్గం గుంత పక్కన పుట్టిన మనిషి.
వాళ్ల నాయిన జంపఖానాలు నేసెటోడట.
తెగిన పోగును రెండు వేళ్ల నడుమ పట్టి
ఉమ్మితడితో మెలేసి అతుకుడు
బడికి పోకముందే వచ్చునట.
హైద్రాబాద్ నుంచి వచ్చిన పెద్ద డాక్టర్లు
ఆయన ఎడమచేతి ముడి చూసి
ఇది ఏ కాలేజీల నేర్పిన్రని అడిగితె
"మా అమ్మ ఆసు పోసే కాడ" అన్నడు.
వాళ్లు నవ్విన్రు. ఆయన నవ్వలె.

ఏమొస్తదో చెప్పరాదు ఆ బల్ల మీదికి.
ఎనుమాముల మార్కెట్ల పత్తిబోరెం కింద నలిగిన హమాలీ,
మక్కల మిషన్ల చున్నీ చిక్కిన పిల్ల,
తాడ్వాయి అడివిల ఇప్పపువ్వు ఏరబోయి
ఎలుగుబంటికి చిక్కిన అవ్వ.
చెంపతోలు దస్తీల పట్టుకొచ్చిండు మనుమడు.
ఒకనాటి రాత్రి రెండు బల్లలు పక్కపక్కన.
ఒకడు ఖాకీల, ఒకడు ఆకుపచ్చ బట్టల.
కత్తెర రెంటినీ ఒక్కతీర్గనే కోసింది.
తూటాలు ట్రేల పడ్డ చప్పుడు గూడ ఒక్కటే.
తెల్లారినంక ఎవరో పెద్దసారొచ్చి
ముందుగాల ఎవని కడుపు కోసినవని గద్దిస్తె
"ఎవని నెత్తురు ఎక్కువ పోతుందో వానిది" అన్నడు
చేతులు కడుక్కుంట.

ఇగ నేను చెప్పాల్సింది చెప్త.
బతుకమ్మ ముందటి వానలు.
కరెంటు పోయి వచ్చుకుంట ఉన్న రాత్రి.
ఇంట్ల బిడ్డకు జరం, నాకు రెండు దినాల నుంచి నిద్ర లేదు.
పరకాల దిక్కు పిలగాడు, పేగుకు చిల్లువడ్డది.
బకెట్ల గుడ్డలు ఎంచితె ముప్పై తొమ్మిది.
మల్ల ఎంచిన. ముప్పై తొమ్మిది.
నలభై ఉండాలె.
లెక్క సరిపోయిందా అన్నడు.
సరిపోయింది సార్ అన్న.

సూది చేతిలకు తీసుకొని
ఆగిండు.
నా దిక్కు చూసిండు,
మాస్కు మీద కండ్లు రెండే.
సూది పక్కకు పెట్టి
మణికట్టు దాక చెయ్యి లోపలికి పోనిచ్చి
బాయిల పడ్డ చెంబును దేవులాడినట్టు దేవులాడి
కార్జం వెనక నుంచి తీసిండు,
ఎర్రగ నానిన గుడ్డముక్క.
నా అరచేతిల పెట్టిండు.
వెచ్చగుండె.

తిట్టలె. పైకి రాయలె.
పొద్దున క్యాంటీన్ల చాయ తాపిచ్చి
"తక్కువుంటె తక్కువున్నదనాలె మొగిలీ,
దొరికేదాక ఎతుకుదాం" అన్నడు.
మల్ల ఆ ముచ్చట ఎత్తలె, రిటైరయ్యేదాక.

ఆ పిలగాడిప్పుడు పరకాలల చెప్పుల దుకాణం పెట్టిండు.
అటు పోయినప్పుడల్ల ఒక జత కొనుక్కొస్త.
ఇంట్లామె తిడుతది, ఇన్ని చెప్పులేందని.

సారుకిప్పుడు డెబ్బై తొమ్మిది.
చేతులు వణుకుతయి,
చాయ గ్లాసు సగమే నింపిస్తరు.
పేర్లు మర్చిపోతుండు, కుట్లు మర్చిపోలె.
మొన్న కాజీపేట టేషన్ల ఒకాయన
అంగి ఎత్తి కడుపు చూపెడితె
వేలు ఆనిచ్చి చెప్పిండు:
"అల్సరు. చలికాలం. నెత్తురు మీ బావ ఇచ్చిండు."
ఆ మనిషి ప్లాట్‌ఫారం మీదనే కూలబడి ఏడ్చిండు,
బావ లేడట ఇప్పుడు.

ఆదివారాలు నేను నయీంనగర్ పోయి
గడ్డం గీస్త, అంగి తొడుగుత.
నిన్న గుండీలు పెడుతుంటె
కిటికీ దిక్కు చూసుకుంటనే అన్నడు:
"లెక్క సరిపోయిందా, మొగిలీ?"

కింది నుంచి మీదికి ఎంచిన.
కాజాలు ఆరు. గుండీలు ఐదు.
"ఒకటి తక్కువున్నది సార్."

ఆయన కుర్చీల నుంచి మెల్లగ దిగిండు
మోకాళ్ల మీదికి.
నేను గూడ దిగిన.
మంచం కిందికి చేతులు వెట్టి
దేవులాడుతున్నం, ఇద్దరం.