ఒక మంచు దిమ్మ

మిందేలో రేవులో గాలికి సెలవు లేదు.
చేపల కొట్టు మీద మా స్టూడియో.
గోడలకి పాత పరుపులు,
కిటికీ సందుల్లో తెరచాప పీలికలు.
అర్లిందు రోజూ గాలితో బేరమాడతాడు:
నువ్వు బయట, పాట లోపల.

ఆ రోజు జెర్త్రూదిస్ వచ్చింది.
డబ్బాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు
సార్డీన్ల తలలు తెంపిన చేతుల్ని
మైకు ముందు ఏం చేసుకోవాలో తెలియక
గౌను జేబుల్లో దాచుకుంది.
"ముద్దు పెట్టేంత దగ్గర వద్దు,
అప్పు అడిగేంత దూరం చాలు" అన్నాడు అర్లిందు.
ఆమె నవ్వింది. సూది కదిలింది.

హెడ్‌ఫోన్స్‌లో, ఆ నవ్వు అడుగున
ఇంకేదో ఉంది.
పంటినొప్పి వాడి మూలుగులాంటిది,
ఊపిరి తీసుకోని మూలుగు.

"దారి చెప్పు" అన్నాడు. నాకిది ఆరో నెల.
చెప్పాను.
గొంతు గాలిని తోస్తుంది,
గాలి మైకులో రేకుని తోస్తుంది,
ఉల్లిపొర కన్నా పల్చటి రేకు.
దానికి ప్రాణం పోసే నలభై ఎనిమిది వోల్టులు
అదే తీగలో ఎదురు నడిచి వస్తాయి.
రేకు వణుకు తీగలోకి, తీగ గోడ పలకలోకి,
అక్కణ్ణుంచి ప్రీఆంప్‌లోకి.
గోరంతని కొండంత చేసేది అదే.
"ఏ గోరంత అని అడుగుతుందా?"
అడగదు. పాటైనా ఈగైనా దానికొకటే.
తర్వాత కంప్రెసర్, గొంతు హెచ్చితే
భుజం మీద చెయ్యి వేసేది.
ఆ తర్వాత సెకనుకి నలభై ఎనిమిది వేల ముక్కలు కోసే పెట్టె
(కింద ఝసింతు ట్యూనాని కోస్తుంటాడు, అంత సన్నగా కాదు).
ముక్కలు కంప్యూటర్‌లోకి,
మళ్లీ అతుక్కుని స్పీకర్లలోకి,
మన చెవుల్లోకి.

నీరు పల్లమెరుగు.
తప్పు వెతికేవాళ్లు మాత్రం ఎదురెక్కాలి.

కంప్రెసర్‌ని దారిలోంచి తప్పించాం. ఉంది.
కేబుల్ మార్చి ఐదో నంబరుది పెట్టాం. ఉంది.
మైకే ఊడదీశాం.
గొంతు లేదు, మైకు లేదు, మూలుగు ఉంది.
గెయిన్ తగ్గిస్తే అదీ తగ్గింది,
అంటే ప్రీఆంప్‌కి ముందే ఎక్కడో.
మోకాళ్ల మీద గోడ వెంట పాకాను.
పలక వెనక మా సన్నతీగ
ఓ లావుపాటి కరెంటు తీగతో
భుజం రాసుకుని నడుస్తోంది.
ఆ లావుది నేలలో కన్నం గుండా దిగిపోతోంది,
ఝసింతు మంచు యంత్రంలోకి.

గోడ తవ్వడానికి డబ్బు లేదు.
అర్లిందు మెట్లు దిగాడు.
పది నిమిషాలన్నాడు. మూడన్నాడు ఝసింతు.
"నీ పాట బాగుంటే నా చేప బాగుంటుందా?"
ఐదుకి కుదిరింది, కరిగినంత మంచుకి డబ్బు.

యంత్రం ఆగింది.
ఆ నిశ్శబ్దం ముందు
నా అరికాళ్లకి తెలిసింది.

జెర్త్రూదిస్ చేతులు బయటికి తీసింది.
పాటలో ఒక పడవ ఉంది.
దాని పేరు ఒక్కసారే వస్తుంది.
ఆ పేరు దగ్గర సూది ఎర్రగీత దాకా వెళ్లి
ముట్టకుండా వెనక్కి వచ్చింది.
మేం ఏ మీటా తాకలేదు.
ఆమే తల కొంచెం పక్కకి తిప్పుకుంది.

నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు.
చివరి అక్షరం గదిలో ఆరేదాకా ఎవరం కదల్లేదు.
అప్పుడు కింద నుంచి, గుడిలో మాట్లాడినట్టు,
"వెయ్యనా?"
అదీ ఎక్కింది.

వినిపిస్తే ఆమె నొసలు చిట్లించింది.
"ఇది నేను కాదు. మా అక్క."
ఎముకల్లోంచి వినే గొంతు వేరు,
గాల్లోంచి వినేది వేరని
చెప్పబోయి అర్లిందు ఊరుకున్నాడు.
"మళ్లీ పెట్టు" అంది. "ఇంకాసేపు ఉండనీ."

ఆ "వెయ్యనా"ని కత్తిరించాలి. రేపు చూద్దాం.
ఝసింతు తడి చెప్పులతో పైకొచ్చి
తలుపు దగ్గర నిలబడి
రెండోసారి మొత్తం విన్నాకే చీటీ ఇచ్చాడు.

నేను పుస్తకంలో రాశాను:
టేక్ ఒకటి. కేబుల్ ఐదు. ఛానెల్ రెండు.
మంచు, ఒక దిమ్మ.