రాక రోజు

మార్చి తొమ్మిది.
సుండ్స్‌వాల్‌లో అప్పటికింకా రోడ్డు వారన
మసిపట్టిన మంచు దిబ్బలుంటాయి.
మాయ్-బ్రిట్ అమ్మ ప్రతి ఏడూ ఆ రోజు
బాదం కేకు మీద చిన్న జెండా గుచ్చేది.
పుట్టినరోజు కాదు, విమానం దిగిన రోజు.
"నిన్ను మేం ఏరికోరి తెచ్చుకున్నాం" అనేది.
ఎంతమందిలోంచి అని అడగాలని
నాకు నలభై ఏళ్ళు దాటాక తట్టింది.
అప్పటికి ఆమె
మాటలు జారిపోయేవాళ్ళ వార్డులో ఉంది.

స్వెటర్ కొన్నా రసీదు ఇస్తారు.
నాకూ ఒకటుంది.
ఫైల్లో నాలుగో కాగితం, క్రోనర్లలో.

అదృష్టవంతురాలివి, అంటారు.
టీచరు అంది, చర్చిలో ముసలావిడ అంది,
పళ్ళ డాక్టరు అన్నాడు, నా నోట్లో వేళ్ళుంచి.
నోరైతే తెరిచే ఉంది,
జవాబుకే చోటు లేదు.

రెండో కాగితం:
తల్లి అవివాహిత. నిరక్షరాస్య.
ఇష్టపూర్వకంగా వదులుకుంది.
కింద వేలిముద్ర.

నిరుడు శీతాకాలం, ఫోను తెర మీద,
రోసెండా హుఎంచుల్లాన్ ఒక కాగితం తీసుకుని
తన పేరు రాసి చూపింది, ఇంటిపేరుతో సహా,
తప్పుల్లేకుండా.
మధ్యలో మాట మార్చే యాస్నా
కాసేపు ఏ భాషలోనూ మాట్లాడలేదు.

లౌతారో ఆసుపత్రిలో నర్సు చెప్పిందట:
పిల్ల నీలంగా పుట్టింది, పోయింది.
చూపించలేదు.
పాలకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు,
మూడోనాడు వచ్చేశాయి.
రొమ్ములకి గుడ్డ బిగించుకుని
గోధుమ కోతకి వెళ్ళిందట.

దత్తత అంటే ఇవ్వడం అట.
నర్సు ఇచ్చింది. జడ్జి ఇచ్చాడు.
దుప్పటి విమానం వాళ్ళిచ్చారు.
కన్నది తప్ప
అందరూ ఇచ్చినవాళ్ళే.

మాయ్-బ్రిట్ నన్ను ప్రేమించలేదని కాదు.
నాకు జ్వరమొస్తే మంచం పక్కన
చాప కూడా లేకుండా నేల మీద పడుకునేది.
ఆ ప్రేమ నిజం. అదే చిక్కు.
అబద్ధమై ఉంటే
రెండో కాగితంతో పాటు చింపి పారేసేదాన్ని.

ఫోను పెట్టేసేముందు రోసెండా ఏదో అడిగింది.
యాస్నా గొంతు సవరించుకుంది.
"పుట్టగానే ఏడ్చావా అంటోంది.
తనకి వినపడిందట.
నలభై ఆరేళ్ళుగా భ్రమ అన్నారట అందరూ."

నాకేం గుర్తుంటుంది?
ఏడ్చాను, అన్నాను.
గట్టిగా ఏడ్చానని చెప్పమన్నాను.

ఈ మార్చి తొమ్మిదిన కేకు కొనలేదు.
ఊరికే వెళ్ళి వార్డులో ఆమె పక్కన కూర్చున్నాను.
నా పేరు అడిగింది. పెర్నిల్లా, చెప్పాను.
మంచి పేరు, ఎవరు పెట్టారు, అంది.
కిటికీలోంచి మంచు చూసింది,
నా చేతుల వంక చూసింది.
"జెండా ఏదీ?"

కోటు జేబులోనే ఉంది.
ఇవ్వలేదు.