ట్యాంకిల గొంతు

మోండాల మిరపకాయ సంచులు విప్పిన రోజు
ధర్మాబాద్ ఊరంత తుమ్ముతది.
ఎవరు ఏడుస్తున్నరో, ఎవరికి ఘాటెక్కిందో
కండ్లను జూసి చెప్పలేం.

నేను కేబుల్ పీరాజీని.
ఇరవై ఏండ్ల సంది స్తంభాల మీదనే నా బతుకు.
రైలు పట్టాలకు అవతల గోదాతీర్ చూస్తరు,
ఇవతల గర్జన.
రెండిటి వైరూ నేనే గుంజిన.
రెండు దిక్కుల కిరాయీ నాకే వస్తది.

నగరాధ్యక్షురాలు రుక్మాబాయి పోతన్‌వార్‌ది
ఇంట్ల తెలుగు, ఆఫీసుల మరాఠీ,
కోపమొస్తే రెండూ.
మొన్న నీళ్ల ట్యాంకి ఖాళీ చేయించింది.
మూడొద్దులు నల్లా బంద్.

మొదటి రాత్రి గర్జన అడిగింది: నీళ్లెటు పోయినయ్?
రెండో రాత్రి తనే చెప్పింది: అమ్ముకున్నది.
మూడో రాత్రికి నల్లా కాడ ఖాళీ బిందెలు
ఆ మాటనే మోగినయ్.
పట్టాలకు అవతల మాత్రం
ఆమె అపర భగీరథుడు, ఆడరూపంల.

నేను చూసిన.
వైరు కట్టనీకి ట్యాంకి నిచ్చెనెక్కి లోపటికి తొంగి చూసిన.
మోకాలు లోతు ఒండు,
రెండు చచ్చిన పావురాలు,
ఎవరో పిలగాని ఒంటి చెప్పు.
ఇన్నొద్దులు తాగింది ఆ నీళ్లే.

దిగొచ్చి, తొడిమలు తీస్తున్న శంకరవ్వకు చెప్పిన.
"ఏ చానల్ల వచ్చింది?"
నా కండ్లల్ల, అన్న.
"నీ కండ్లకు కిరాయి ఎవడిస్తుండు?"
తల దించుకున్న.
వాళ్లే ఇస్తున్నరు మరి.

ఆ ట్యాంకి కట్టేటప్పుడు
మేం పోరగాండ్లం లోపటికి దిగి ఒర్రేటోళ్లం.
ఒక్కడు "దొంగ" అంటె
గుండ్రటి గోడ పది గొంతులతోని "దొంగ" అనేది.
ఊరంత తననే అంటుందని
హన్మాండ్లు లాగు తడుపుకున్నడు.
వాని జేబుల నిజంగనే నా బలపం ఉండె,
అది వేరే సంగతి.

వేరే సంగతి రుక్మాబాయికీ ఒకటున్నది.
వీధి దీపాల టెండర్ ఆమె మరిదికి పోయింది.
నా స్తంభాల మీదనే ఉన్నయి ఆ దీపాలు,
పదింటికి మూడు వెలుగుతయి.
దాని గురించి ఏ చానలూ నోరు తెరవది.
మరిది బట్టల దుకాణం అడ్వటైజ్‌మెంట్
రెండిట్ల వస్తది, గంటకు నాలుగుసార్లు.

నీళ్ల అబద్ధం మీద ఊరేగింపు తీసిన జనం
ఆ చీకటి స్తంభాల కిందికెల్లే నడిచిన్రు
సెల్‌ఫోన్ లైట్లు వేసుకొని.
ముందు వరుసల నా పెండ్లాం సాయవ్వ.
కాన్పు కష్టమైన రాత్రి
రుక్మాబాయి జీపులనే నిజామాబాద్ పోయింది తను.
గుర్తు చేస్తె, "అప్పటి మనిషి వేరే" అన్నది,
టీవీ మీదికెల్లి చూపు తియ్యకుంట.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
గంటన్నర.
ఉక్కకు అందరు అరుగుల మీదికొచ్చిన్రు.
పట్టాలు దాటొచ్చిన జనార్దన్ మామ దూపైతుందంటె
శంకరవ్వ చెంబిచ్చింది.
"నీళ్లు తేటగున్నయే" అన్నడు.
"తేటగనే ఉన్నయి" అన్నది, మెల్లగ.
ఇద్దరూ ఆ చెంబు దిక్కు చూసిన్రు.
ఇంకేదో అనేటోళ్లే,
కరెంటొచ్చింది.
ఇంటింట్ల డబ్బాలు ఒక్కపాలే ఒర్రినయి.
మామ చెంబు అరుగు మీద పెట్టి లేచిండు.

పొద్దున మళ్ల ట్యాంకెక్కిన.
సగానికి నిండింది.
వంగి "ఓ" అన్న.
నా గొంతు ఒక్కటే తిరిగొచ్చింది,
కొంచెం తడిసి.

కింద గల్లీలకెల్లి సాయవ్వ:
"ఎవల్తోని మాట్లాడుతున్నవ్ పైన?
గర్జన వస్తలేదు,
దిగి వైరు జూడు."