బెజ్జం

గంటస్తంభం వెనకాల,
ఎదురుగా మనిషొస్తే ఒకరు వెనక్కి నడవాల్సిన సందులో
వరహాలమ్మ స్పేర్‌పార్టుల కొట్టు.
కార్బొరేటర్ని తువ్వాల్లో మూటగట్టి తెచ్చేను.
విప్పగానే ముందు పెట్రోలు వాసన,
దాని వెనకే ఎండు నెత్తళ్ళ వాసన.
ఆవిడ ముక్కు మూసుకోలేదు.
"చింతపల్లి రేవు సరుకేనా?" అంది.

ఇరవై రెండేళ్ళు ఆ రాజ్‌దూత్ మీద
అటో గంప ఇటో గంప కట్టి
బొడ్డవర దాటి, ఘాటీ ఎక్కి
అనంతగిరి సంతకి చేపలు మోసేను.
ఈ నాలుగేళ్ళూ మాత్రం
మూడో మలుపుకే దగ్గు.
ప్లగ్గు విప్పితే కాటుక భరిణె.
తాగడం రెట్టింపు, నడవడం సగం.
ముసల్దైపోయిందన్నాను.
బంకోడు కల్తీ కలిపేడన్నాను.
మెకానిక్కు తవిటినాయుడు దొంగన్నాను,
వాడు వినేలా కాదు.

పాత పేపరు పరిచి మూడు పెట్టింది వరహాలమ్మ.
"ఇది కంపెనీది, పాత స్టాకు, నూట ఎనభై.
ఇది ఢిల్లీ నకలు, నలభయ్యే.
అంకె సరిగ్గానే ఉంటాది, బెజ్జమే దానిష్టం.
ఇది తుక్కుకెళ్ళిన బండిలోంచి తీసింది.
నీకెంత తోస్తే అంతియ్యి."

మూడూ ఇత్తడే. మూడూ గోరంతే.
ఎండుచేపైతే తోక విరిచి చెప్పేద్దును
ఏ రేవుదో, ఎన్ని ఎండలు తిన్నాదో,
ఉప్పులో మోసమెంతో.
దీన్నెక్కడ విరుస్తాం?

"పాతదిలాగియ్యి" అని
ట్యూబ్‌లైటుకి ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి,
సూదిలో దారమెక్కించేదాన్లా చూసింది.
"ఎవడో తీగెట్టి కెలికినాడు బాబూ.
గుండ్రంగా ఉండాల్సింది వడ్లగింజలాగైపోనాది.
పైన రాసింది తొంభై, తాగతన్నాది నూటపది.
బండి తప్పేటున్నాది?
ఈ పని సేసినోడికి మొట్టికాయెయ్యాల."

"అవునమ్మా, ఎదవలు" అన్నాను.

అన్నాకే గుర్తొచ్చింది.
ఆషాఢం. సంత దెబ్బతిన్న రాత్రి.
గంపల్లో అమ్ముడవని కవ్వళ్ళు తడుస్తున్నాయి.
మలుపులో బండి ఆగిపోయింది.
లారీ వెళ్ళినప్పుడల్లా కాసింత వెలుతురు,
ఆ వెలుతుర్లోనే జెట్టు ఊడదీసి
బ్రేకు కేబులు పోగొకటి లాగి
పొడిచేను. తిప్పేను. మళ్ళీ పొడిచేను.
ఒక్క కిక్కుకే లేచింది.
ఆ గొప్ప నూకరత్నానికి
అన్నం తింటూ రెండుసార్లు చెప్పేను.

అది ఆ రాత్రి లేవకపోయినా బాగుండేది.

కంపెనీది తీసుకున్నాను.
నూరు రూపాయలిచ్చి
మిగతాదానికి నెత్తళ్ళు కొలిచేను.
కట్టిన కాగితం మళ్ళీ విప్పి ఇంకోటి వేసిందావిడ,
ఎనభై అయిదు.
"కొండ మీద గాలి పల్చన. కిందది పైన పనికిరాదు.
ఎక్కేముందోటి, దిగేకోటి.
మార్చుకోడానికి బద్దకమైతే నీ కర్మ."
దానికి డబ్బులడగలేదు. నేనూ అడిగించుకోలేదు.

వారం పోయాక తవిటినాయుడు ప్లగ్గు విప్పి
వేళ్ళ మధ్య తిప్పేడు. కాల్చిన ఇటుక రంగు.
"ఎవుడు పొడిసినాడో గానీ,
నాలుగేళ్ళు నా పేరు పాడైపోనాది" అన్నాడు,
నా వైపు చూడకుండా.
నేను రెండు టీలు చెప్పేను.
రెండో టీ కూడా వాడికే ఇచ్చేను.

పాత జెట్టు పారెయ్యలేదు.
నా తక్కెడ ఎడం చిప్ప ఎప్పుడూ కాస్త తేలిక.
ఇన్నాళ్ళూ గులకరాయి కట్టి సరిపెట్టేవాణ్ణి,
ఆ రాయి తీసేసి పాసంగంగా దీన్ని కట్టేను.
ముల్లు నిటారుగా నిలబడింది.
మొన్న సంతలో ఓ ముసలమ్మ వేలితో తాకి
"ఏటిదిది, బంగారమా?" అంది.
బండిదన్నాను.
బెజ్జం సంగతి ఆవిడ అడగలేదు.