తివాచీల రేవు

జూన్ వచ్చిందంటే కోట్కా రేవులో
ఆడా మగా మోకాళ్ల మీద ఉంటారు.
ప్రార్థన కాదు.
చెక్కబల్లల మీద పరిచిన పేలికల తివాచీలు,
చేతిలో గరుకు బ్రష్షు,
పక్కన బకెట్టు,
బకెట్లో పైన్ చెట్టు సబ్బు.
చన్నీళ్లలో వేస్తే
పాత తేనెలా బద్ధకంగా కరుగుతుంది.

ఈసారి సొయిలె కూడా వచ్చింది, మా పై అంతస్తు పిల్ల.
చంకలో ఎనిమిది నెలల బాబు,
భుజాన చుట్టిన తివాచీ.
విప్పితే నడిమధ్య తెల్లటి మచ్చ,
పళ్లెమంత.
"వీడు కక్కాడు, క్లోరిన్ పోశాను" అంది,
తప్పు చేసిన పిల్లలా కాదు,
లెక్క సరిగ్గా చేసినా మార్కులు రాని పిల్లలా.

ముప్పై ఒక్క ఏళ్లు
ఆపరేషన్ గది కడిగినదాన్ని.
నాకెవరూ క్లోరిన్ గొప్పలు చెప్పక్కర్లేదు.
కోసిన కడుపు కింద కారిన నెత్తురుకి
పైన్ సబ్బు చాలదని నాకూ తెలుసు.
కొలిచి పోసేదాన్ని,
గడియారం చూసుకుని పది నిమిషాలు తడిగా ఉంచేదాన్ని.
తొడుగుల్లో కూడా చేతులు పగిలేవి.
ఇంటికొచ్చి రొట్టెపిండి కలిపితే
ఉప్పు నా పగుళ్లని చదివేది,
చూపు లేనివాడు వేలితో చదివినట్టు.

కానీ సొయిలె వంటగట్టు మీద
ఎవరి కడుపు కోస్తున్నారు?
సింకు కింద అలమర తీస్తే
పదకొండు సీసాలు,
అన్నిటికీ తుపాకి మూతులే.
మీట నొక్కితే
నూటికి తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది చస్తాయట.
మిగిలిన ఆ పాయింట్ ఒకటి
తర్వాత ఏం చేస్తుందో
ఏ సీసా మీదా రాయలేదు.

ఫిబ్రవరిలో ఓ రాత్రి
క్లోరిన్ మీద వెనిగర్ పోసింది,
రెండూ మంచివే కదా, కలిస్తే ఇంకా మంచిదని.
ఆ దగ్గు మా ఇంటి కప్పు మీద దొర్లింది.
చెప్పుల్లేకుండానే మెట్లెక్కాను.
కిటికీలన్నీ తెరిచి,
బాబుని నా కోటులో చుట్టి,
మైనస్ ఇరవై రెండులో మెట్ల మీద కూర్చున్నాం,
ఎవరమూ ఏడవకుండానే
అందరి కళ్లల్లో నీళ్లు.

మర్నాడు పాఠమేమీ చెప్పలేదు.
సబ్బు డబ్బా, ఓ చెంచా తీసుకెళ్లాను.
బకెట్ వేణ్నీళ్లకి ఒక్క చెంచా.
రెండోది వేయబోతే చేయి పట్టుకున్నాను.
"మురికిని చంపక్కర్లేదు పిల్లా,
గుమ్మం దాకా సాగనంపితే చాలు."
నమ్మలేదు. నమ్మినట్టు తలూపింది.

తప్పు ఆమెది అనలేను.
బాబు నెలలు నిండకుండా పుట్టాడు,
ఆరు వారాలు గాజుపెట్టెలో ఉన్నాడు.
మోచేతుల దాకా కడుక్కున్నాకే
వేలు తాకనిచ్చేవారు.
పిల్లాడితో పాటు
ఆ పెట్టెని కూడా ఇంటికి మోసుకొచ్చింది,
మూడు గదులంత చేసి.

మా అమ్మ పొగ సౌనాలో పుట్టింది,
మసిగోడల మధ్య.
ఆ పల్లెలో అంతకన్నా శుభ్రమైన చోటు లేదు.
ఈ మాట నోటి దాకా వచ్చింది.
మింగేశాను.

రేవులో ఇద్దరం బల్లకి చెరోవైపు.
రుద్దేకొద్దీ తివాచీలో మనుషులు బయటపడుతున్నారు:
ఈ బూడిదరంగు తాత పంట్లాం,
ఈ ఆకుపచ్చ ఎవరిదో కర్టెన్,
తెల్లబడిన చోట ఉండాల్సిన నీలం
అవ్వ వియెనో ఉత్తరాలు పంచిన చొక్కా.
"ఇది తిరిగి రాదు కదా?"
"రాదు."
కాసేపు బ్రష్షుల చప్పుడే.

కడిగి, పిండి, దండెం మీద వేశాం.
సముద్రం గాలి, సీగల్ గోల,
పైన్ వాసన.
బాబు పాక్కుంటూ పోయి
వేలాడే తడి అంచు పట్టుకుని
తీరిగ్గా నోట్లో పెట్టుకున్నాడు.

సొయిలె చేయి జేబులోకి పోయింది,
ఆ చిన్న జెల్ సీసా ఉండే జేబు.
పోయి, అక్కడే ఉండిపోయింది.
నేను చూడనట్టు
నా తివాచీ రెండో వైపు తిరగేసుకున్నాను.